జాలీకి అటూ ఇటూ

మా తమ్ముడికి నలభై దాటాయి. అయినా వాడు చిన్నపిల్లాడే. పుట్టగానే ఏడవలేదట. మంత్రసాని వాడి కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి, వీపు మీద చరిచాక ఎప్పటికో ఏడ్చాడని అమ్మ చెప్పేది. ఆ కాసేపట్లో వాడి లోపల ఏం ఆగిపోయిందో ఏ డాక్టరూ మాకు విడమరిచి చెప్పలేదు. ఒళ్లు పెరిగింది, మీసం వచ్చింది, చెవుల దగ్గర జుట్టు నెరిసింది. వాడు మాత్రం ఆరేడేళ్ల దగ్గరే ఉండిపోయాడు.

చీరాల పక్కన మా పుట్టింట్లో అమ్మ దగ్గరే ఉండేవాడు. కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలంలో అమ్మకు జ్వరం తగిలింది. ఆమెను ముందుగదిలో ఉంచి తలుపు వేశాం. తమ్ముడు వసారాలో కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేవాడు. "రెండ్రోజులేరా నాయనా, రెండ్రోజుల్లో వచ్చేస్తాగా" అని అమ్మ మంచం మీద నుంచే అనేది. ఆ తర్వాత ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఆస్పత్రి నుంచి అమ్మ మళ్లీ ఇంటికి రాలేదు. మట్టి చేసేటప్పుడు కూడా వాణ్ని దగ్గరికి పోనివ్వలేదు.

వాణ్ని గుంటూరులో మా ఇంటికి తెచ్చుకున్నాను. మిర్చియార్డుకు పోయే రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉంటుంది మా ఇల్లు. నేను పక్క మండలంలో హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా ఆయన దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తారు. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లవారకముందే బస్సెక్కుతారు. పిల్లలు లేరు. కాబట్టి ఇంట్లో వాడికి చోటుకు కొదవ లేదు. మాట్లాడే మనుషులే లేరు. నేను బడికి వెళితే వాడు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. సాయంత్రం వచ్చేసరికి అదే కుర్చీలో, అలాగే ఉండేవాడు. అన్నం పెడితే తినేవాడు. పెట్టకపోతే అడిగేవాడు కాదు. చర్చిలో పాట మొదలవగానే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టే మనిషి, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు.

మా బళ్లో సైన్సు టీచరు కొడుకు గినీ పిగ్స్ పెంచేవాడు. ఆ పిల్లాడు ఇంటర్మీడియట్‌కి హాస్టల్లో చేరాడు. "వాటిని చూసుకునేవాళ్లు లేరు మేడమ్. మీ తమ్ముడికి కాస్త కాలక్షేపంగా ఉంటుందేమో తీసుకెళ్లండి" అంది ఆవిడ. అట్టపెట్టెలో రెండు పిల్లల్ని పెట్టి ఇచ్చింది. రెండూ మగవే. అన్నదమ్ములు. దోసిట్లో పట్టేంత ఉన్నాయి. తోక లేదు, మెడ ఉందో లేదో తెలియదు. ఆటోలో వస్తున్నంతసేపూ పెట్టెలో గడ్డి కదిలిన చప్పుడు తప్ప ఏమీ లేదు.

పక్కింటి మామ్మ గోడ మీదుగా తొంగిచూసి, "ఇవేం జంతువులమ్మా? కుందేలుకూ ఎలుక్కూ పుట్టినట్టున్నాయి" అంది.

తమ్ముడు నవ్వాడు. అమ్మ పోయాక వాడి నవ్వు వినడం అదే మొదటిసారి.

ఒకటి బూడిద రంగుది. రెండోదానికి తెల్లటి ఒంటి మీద కన్ను చుట్టూ గోధుమరంగు మచ్చ. వాడే పేర్లు పెట్టాడు, బూడిదోడు, మచ్చోడు అని. అప్పట్నుంచి ఇల్లు మారిపోయింది. పొద్దున్నే లేచి పెరట్లో గరిక కోసుకొచ్చేవాడు. కొత్తిమీర కట్ట తెస్తే ముందు వాటికి తీసి మిగిలింది నాకిచ్చేవాడు. వాటికి నిమ్మకాయలో ఉండే విటమిన్ రోజూ అందాలని, బెంగుళూరు మిరపకాయ, అదే క్యాప్సికం, ముక్కలు పెట్టమని సైన్సు టీచరు చెప్పింది. ఆ మాట వాడికి భలే నచ్చింది. వీధిలో ఎవరు కనపడ్డా, "మావోళ్లు మిరపకాయ తింటారు తెలుసా! కారం లేంది!" అని చెప్పేవాడు. ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడైతే చాలు, రెండూ మూతులు పైకెత్తి ఈలలు వేసేవి. వాడూ ఈల వేసేవాడు. మిరపకాయల సీజన్లో గాలంతా ఘాటెక్కి వీధి వీధంతా తుమ్ముతుంటే, తడిపిన తువ్వాలు కిటికీకి కట్టి, "మావోళ్లకి దగ్గొస్తదక్కా" అనేవాడు. ఆదివారం చర్చిలో మళ్లీ చప్పట్లు వినిపించాయి.

అవి ఎదిగాక గొడవ మొదలైంది.

ముందు ఆటే అనుకున్నాం. మచ్చోడు ఒళ్లు ఊపుకుంటూ, లోపల్నుంచి మోటారు తిరిగినట్టు గుర్రుమంటూ బూడిదోడి చుట్టూ తిరిగేవాడు. మీదెక్కేవాడు. గిన్నె దగ్గరికి రెండోవాడు రాగానే మూతితో నెట్టేసేవాడు. కొన్నాళ్లకు పళ్లు టకటకలాడించడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు వింటే బూడిదోడు మూలకు పోయి గోడకేసి మొహం పెట్టుకునేవాడు. మచ్చోడు కడుపునిండా తిని వెళ్లాక వచ్చి, మిగిలిన కాడలు కొరికేవాడు. వెనకభాగంలో జుట్టు కుచ్చులుకుచ్చులుగా ఊడి, కింద ఎర్రటి చర్మం కనిపించింది.

తమ్ముడు గూటి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని మచ్చోడికి బుద్ధులు చెప్పేవాడు.

"కొట్టకూడదు. తమ్ముడు కదా? తమ్ముణ్ని కొడతారా ఎవురైనా? మా అక్క నన్నెప్పుడన్నా కొట్టిందా?"

చిన్నప్పుడు వీధిలో పిల్లలు వాణ్ని రాళ్లతో కొట్టేవాళ్లు. వాడు తిరగబడేవాడు కాదు, చెవులు మూసుకుని కూర్చునేవాడు. మచ్చోడు పళ్లు టకటకలాడిస్తే ఇప్పుడూ అదే పని చేశాడు, రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

పక్కింటి మామ్మ గోడ అవతల్నుంచే తేల్చేసింది. "రెండు పుంజుల్ని ఒక గంప కింద మూస్తారటమ్మా? ఒకదాన్ని ఎవురికన్నా ఇచ్చెయ్."

"ఎవుర్ని ఇస్తావు మామ్మా? ఇద్దరూ మావోళ్లే" అన్నాడు తమ్ముడు.

పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లాను. బయట గేదెలు, మేకలు, కాలికి కట్టు కట్టిన ఎద్దు ఒకటి. లోపల చిన్న వయసు డాక్టరమ్మ. పెట్టె మూత తీసి చూసి, "వీటిని నేను పుస్తకంలో చదవడమేనండి, చూడ్డం తక్కువ" అని నిజం చెప్పింది. వాళ్ల కాలేజీలో పాఠం చెప్పిన సారుకి ఫోను చేసి మాట్లాడింది. మగవి రెండు పెద్దవయ్యాక ఎవరు పైవాడో తేల్చుకోవాలని చూస్తాయని, చోటు ఇరుకైతే ఇది ముదురుతుందని చెప్పింది. "గూడు పెద్దది చెయ్యండి. గిన్నెలు, నీళ్లు, దాక్కునే పెట్టెలు, అన్నీ రెండేసి పెట్టండి. పెట్టెలకు రెండు దారులుండాలి, ఒకడు తరిమితే ఇంకోవైపు నుంచి పారిపోవాలి. అయినా రక్తం కనపడితే మాత్రం విడదీయాల్సిందే మేడమ్. పూర్తిగా దూరం చెయ్యకండి. మధ్యలో తీగల జాలీ పెట్టండి. వాసన తెలుస్తుంటే బెంగపెట్టుకోవు."

ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే మా ఆయన లుంగీ పైకి కట్టి పనిలో దిగారు. వరండాలో సగభాగం వాటికి ఇచ్చేశాం. ప్లైవుడ్ ముక్కలతో చుట్టూ అడ్డం పెట్టి, కింద పాత దుప్పట్లు పరిచి, రెండు దారుల పెట్టెలు చేశారు. తమ్ముడు మేకులు అందించాడు. "ఏరా బామ్మర్దీ, నీ వాళ్లకి మనింటికంటే పెద్ద ఇల్లు కట్టాం, ఇంకా కొట్టుకుంటే నేనూరుకోను" అన్నారాయన. వాడు పడిపడి నవ్వాడు.

కొన్ని వారాలు బాగానే నడిచింది. బూడిదోడు కాస్త ఒళ్లు చేశాడు. ఊడిన జుట్టు మళ్లీ వచ్చింది. అంతా సర్దుకుందనుకున్న రోజుల్లోనే ఒకనాడు నేను బట్టలు ఆరేస్తుంటే వరండాలోంచి సన్నటి కేక వినిపించింది. వెళ్లేసరికి రెండూ ఒక్క ఉండగా దొర్లుతున్నాయి. తువ్వాలు వేసి విడదీశాను. బూడిదోడి చెవి చిరిగి రక్తం కారుతోంది.

మా ఆయన వచ్చి గూటికి నడిమధ్యన జాలీ బిగించారు. మచ్చోడు అటు, బూడిదోడు ఇటు.

నిజానికి అక్కడితో మా కష్టం తీరాలి. చెవి మానింది. బూడిదోడు భయం లేకుండా తిన్నాడు. కానీ తమ్ముడికి తిండి సయించలేదు. జాలీ ముందు నుంచి లేచేవాడు కాదు. మచ్చోడు జాలీ తీగను పళ్లతో పట్టి లాగుతుంటే, "చూడక్కా, వస్తానంటన్నాడు" అనేవాడు. మధ్యాహ్నం పూట రెండూ జాలీకి చెరోవైపు, ఒంటికి ఒళ్లు ఆనించి పడుకునేవి. "కలిసిపోయారక్కా. ఇంక తీసెయ్."

"కలవలేదురా. జాలీ ఉంది కాబట్టి అట్టా పడుకున్నారు. తీస్తే మళ్లీ కొరుకుతాడు."

"ఎన్ని రోజులు?"

"ఎప్పటికీనేమో."

వాడు వేళ్లు జాలీ కన్నాల్లో పెట్టి, నా వైపు చూడకుండా అన్నాడు, "అమ్మ కూడా కిటికీలోంచి రెండ్రోజులే అంది."

నేను బియ్యం ఏరుతున్నాను. చేట పక్కన పెట్టి వాడి దగ్గరకు వెళ్లి కూర్చున్నాను. అది వేరు, ఇది వేరు అని చెప్పబోయి ఆగాను. వీపు నిమిరాను. "జాలీ మాత్రం తియ్యకురా. మాటివ్వు" అన్నాను. చేతిలో చెయ్యి వేశాడు. వాడు అబద్ధమాడే మనిషి కాదు. ఆ క్షణాన ఆ మాట నిజంగానే ఇచ్చాడని ఇప్పటికీ నమ్ముతాను.

పదో తరగతి పరీక్షల రోజులు. డ్యూటీ వేరే ఊళ్లో పడింది. ఎండలో రెండు బస్సులు మారి ఇంటికొచ్చేసరికి వరండా నిశ్శబ్దంగా ఉంది. ఫ్రిజ్ తీయకపోయినా నా చెప్పుల చప్పుడుకే ఈల వేసే జంతువులు, ఒక్కటీ పలకలేదు. జాలీ ఊడదీసి గోడకు ఆనించి ఉంది. మచ్చోడు తన పెట్టెలో ఉన్నాడు. తమ్ముడు అదే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చొక్కా బొత్తాలు తీసి లోపల బూడిదోణ్ని పొట్టకు హత్తుకుని, పైన రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. చొక్కా మీద రక్తపు మరకలు.

"కాసేపు బాగానే ఉన్నారక్కా" అన్నాడు. "ఒకే కొత్తిమీర తిన్నారు. ఇద్దరూ. నేను చూశా."

కోపం వచ్చింది. వాడి మొహం చూశాక ఎటు పోయిందో తెలియదు. వాడు ఏడవలేదు. నేనేదో చేసి బాగుచేస్తానని ఎదురుచూస్తున్నాడు, అంతే.

ఆటోలో ఆస్పత్రికి పరిగెత్తాం. నడుం పైన లోతుగా దిగింది కాటు. డాక్టరమ్మ కడిగి మందు వేసింది. వీటికి అన్ని మందులూ పడవని, మనుషులకిచ్చే మామూలు మందే వీటి ప్రాణం తీస్తుందని, మళ్లీ వాళ్ల సారునడిగి చూసి చూసి ఇచ్చింది. "తిండి మానకుండా చూడండి మేడమ్. ఇవి తినకపోతే నిలవవు" అంది.

గాయం లోపల చీము పట్టింది. నడుం మీద ఉసిరికాయంత గడ్డ లేచింది. డాక్టరమ్మ దాన్ని కోసి శుభ్రం చేసింది. కానీ బూడిదోడు మేత మానేశాడు. నానబెట్టిన దాణా మెత్తగా నూరి, సూది లేని సిరంజితో పెదవి పక్కనుంచి కొంచెం కొంచెంగా పట్టాలి. ఆ పని తమ్ముడే చేశాడు. నేను చేస్తే మింగేవాడు కాదు. "ఒక్కటి. నాకోసం ఒక్కటి. ఇంకొక్కటి, బావకోసం" అంటూ తినిపించేవాడు. అమ్మ వాడికి అలాగే తినిపించేది. తన ఈడు పిల్లలంతా తమంత తాము తినే వయసొచ్చాక కూడా, వాడికి అమ్మ ముద్దలు చేసి, పేరుపేరునా లెక్కబెట్టి పెట్టేది.

ఒక ఆదివారం పొద్దున నేను వంటింట్లో ఉన్నాను. చర్చికి వేసుకునే తెల్లచొక్కాతో వాడు గుమ్మంలోకి వచ్చాడు. చేతుల్లో తువ్వాలు.

"నిద్దరోతన్నాడక్కా. లెయ్యట్లా."

తువ్వాలు విప్పి చూశాను. ఒళ్లు ఇంకా పూర్తిగా చల్లబడలేదు.

"పోయాడురా" అన్నాను.

"ఆస్పత్రికా?"

"కాదు. చచ్చిపోయాడు."

అమ్మ పోయినప్పుడు మేమంతా వాడికి ఆస్పత్రిలో ఉంది అన్నాం, దేవుడి దగ్గరికెళ్లింది అన్నాం, వస్తుందనలేదు గానీ రాదని కూడా అనలేదు. చాలా రోజులు వాడు గేటు చప్పుడైతే లేచి చూసేవాడు. అందుకే ఈసారి ఆ మాటే వాడాను. వాడు తువ్వాల్లోకి చూస్తూ నిలబడ్డాడు.

"నేను చంపానా?"

మా ఆయన మొహం కడుక్కుని వస్తూ ఆగిపోయారు. కాదనేయమని కళ్లతోనే చెప్పారు. అనేస్తే పోయేది. కానీ వాడికి తెలుసు. మనం పిచ్చివాళ్లనుకునేవాళ్లకి మనం చెప్పే అబద్ధాలు చాలామటుకు తెలుస్తాయి. ఎదురు చెప్పరంతే.

"జాలీ తియ్యకుండా ఉండాల్సింది" అన్నాను. "కానీ నువ్వు చంపలేదు. కలిపి ఉంచాలని తీశావు. కొరికింది మచ్చోడు."

"మచ్చోడు చంపాడా?"

"వాడికీ తెలియదురా. జంతువు. తన చోటు కోసం కొరికాడు. చచ్చిపోతాడని వాడికేం తెలుసు?"

"నాకూ తెలీదు" అన్నాడు. "ఎవురికీ తెలీకపోతే ఎట్టా చచ్చిపోయాడక్కా?"

నేను పొయ్యి ఆపి, అక్కడే వంటింటి గచ్చు మీద కూర్చుండిపోయాను. వాడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అప్పుడు ఏడ్చాడు. బూడిదోడి కోసమే ఏడ్చాడో, అమ్మ కోసం అప్పట్లో ఏడవనిది కూడా అందులో ఉందో నేను చెప్పలేను. చాలాసేపు ఏడ్చాడు. మేం ఆ రోజు చర్చికి వెళ్లలేదు.

పెరట్లో కొత్తిమీర మడి పక్కన మా ఆయన గుంట తవ్వారు. మామ్మ గోడ దగ్గర నిలబడి కొంగుతో మూతి అదుముకుంది. తమ్ముడే దించాడు. తువ్వాలుతోనే దించాడు. ఇవ్వనన్నాడు, విప్పనన్నాడు. మన్ను పోసే ముందు ప్రార్థన చెయ్యమని నన్నడిగాడు. "నువ్వే చెయ్యరా" అన్నాను. వాడే చేశాడు.

"ప్రభువా, వీడు బూడిదోడు. మంచోడు. ఎవుర్నీ కొరకడు. అక్కడ జాలీ ఉంటే ఉండనియ్యి. ఆమేన్."

మేం కూడా ఆమేన్ అన్నాం.

ఆ తర్వాత వాడు మచ్చోడి మొహం చూడలేదు. వరండాలోంచి వెళ్లేటప్పుడు కూడా తల పక్కకు తిప్పుకునేవాడు. గరిక నేను కోసి వేసేదాన్ని. మచ్చోడు మొదట్లో గూడంతా తిరిగాడు. ఆ పెట్టెలో దూరి ఈ పెట్టెలోంచి వచ్చి, ముక్కెత్తి వాసన చూసి, సన్నగా పిలిచేవాడు. ఇన్నాళ్లూ తరిమినవాణ్నే వెతుకుతున్నాడని చూస్తేనే అర్థమయ్యేది. కొన్నాళ్లకు పిలవడం మానేశాడు. మేత కూడా తగ్గించాడు. ఫ్రిజ్ తలుపు తీసినా ఇంట్లో ఏ ఈలా లేదు.

డాక్టరమ్మను అడిగితే, వీలుంటే తోడు తెమ్మంది, ఈసారి ఆడదాన్నో, మరీ చిన్నపిల్లనో తెచ్చి నెమ్మదిగా అలవాటు చెయ్యమంది. లేదంటే మనుషులే ఎక్కువసేపు దగ్గరుండాలంది. ఇంకోదాన్ని తెచ్చే ధైర్యం నాకు లేకపోయింది. తమ్ముడికి చెప్పాను. "వాడు తినట్లేదురా. ఒక్కడే ఉండలేకపోతన్నాడు."

"ఉండనీ" అన్నాడు.

అంత కఠినంగా వాడు మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు. నేను మళ్లీ అడగలేదు.

వానలు పడ్డాక ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి గేటు తీస్తూ ఆగాను. తమ్ముడు గూటికి దూరంగా నిలబడి, కొత్తిమీర కాడలు ఒక్కొక్కటే లోపలికి విసురుతున్నాడు. మచ్చోడు ఒక కాడ అందుకుని నమిలాడు. వాడు ఇంకోటి విసిరాడు. నన్ను చూసి, ఏదో తప్పు చేస్తూ పట్టుబడ్డట్టు మిగతా కట్టంతా ఒకేసారి పడేసి లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి మేత బాధ్యత మళ్లీ వాడే తీసుకున్నాడు. నీళ్లు మార్చేవాడు, దుప్పట్లు దులిపేవాడు. గిన్నె పెట్టి ఒక్క క్షణం అక్కడే ఉండేవాడు. ఎప్పుడైనా మచ్చోడు వేలి దగ్గరకొచ్చి వాసన చూస్తే చెయ్యి లాక్కునేవాడు కాదు. ఎత్తుకునేవాడూ కాదు. మునుపటిలా కబుర్లు చెప్పలేదు, బుద్ధులూ చెప్పలేదు.

మచ్చోడు ఆ పై ఏడు మిరపకాయల సీజన్ కూడా చూశాడు. వాడికి దగ్గు రాకుండా తమ్ముడు తడి తువ్వాలు కట్టడం నేను గమనించాను. తొలకరి ముందు ఒకరోజు పెట్టెలోనే పోయాడు. ఏ జబ్బూ కనపడలేదు. తమ్ముడు ఈసారి ఏమీ అడగలేదు. గుంట తనే తవ్వాడు, కొత్తిమీర మడికి ఇటువైపున. బూడిదోడి గుంట అటువైపు ఉంది. పక్కపక్కనే పెడదామా అని మా ఆయన అడిగితే తల అడ్డంగా ఊపాడు.

సైన్సు టీచరు ఈ మధ్య మళ్లీ అడిగింది, వాళ్ల బంధువుల ఇంట్లో గినీ పిగ్ పిల్లలు పుట్టాయట, జంట కావాలా అని. ఇంటికొచ్చి వాడితో చెప్పాను. వాడు వరండాలో పాత దుప్పట్లు మడతపెడుతున్నాడు.

"రెండొద్దక్కా" అన్నాడు.

"పోనీ ఒకటి?"

చేతిలో ఉన్న దుప్పటి మడత పూర్తిచేసి మిగతావాటి మీద పెట్టాడు.

"ఒకటీ వద్దు" అన్నాడు.